భూకంపానికి విడుపెప్పుడు?

మొదటిసారి నేల కదిలినప్పుడు నేను మంచం మీద ఎడమ పక్కకి తిరిగి పడుకుని, ఎదురుగా గోడ మీద ఊడిన రంగు పెచ్చుల్ని చూస్తున్నాను. అంతకంటే చెయ్యడానికి నాకు పనేమీ లేదు. అప్పటికి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఒకటి మేము సౌదీలో, అల్ ఖోబర్‌లో ఉండగా మూడో నెలలో పోయింది. రెండోది ఐదో నెల నిండాక, కడుపు పైకి తెలుస్తూ, పేరు కూడా మనసులో అనుకున్నాక పోయింది. దాని గురించి ఎక్కువ రాయను. రాయలేను.

మూడోసారి నిలిచిన రోజుల్లోనే మా ఆయన ఉద్యోగం ఎర్ర సముద్రం ఒడ్డునున్న జిజాన్ రిఫైనరీకి మారింది. ఇక్కడి సూడాన్ డాక్టరమ్మ నన్ను పరీక్ష చేసి, గర్భసంచి మూతికి కుట్టు వేసి, వేలు చూపించి మరీ చెప్పింది. బాత్రూమ్‌కి తప్ప మంచం దిగొద్దు. మెట్లు అసలే వద్దు. విమానం మాట ఎత్తొద్దు. ఈసారి కూడా పోతే మళ్ళీ ఆశ పెట్టుకోవడం కష్టమని కూడా చెప్పింది, కాకపోతే ఆ ముక్క మా ఆయనతో విడిగా చెప్పింది. తలుపు సందులోంచి నాకు వినపడింది.

అలా నేను నాలుగో అంతస్తులో ఇరుక్కుపోయాను. అసలే నేను ఒక్కచోట కుదురుగా ఉండే మనిషిని కాదు. చిన్నప్పట్నుంచీ ఇంట్లో అందరూ ‘దీని కాళ్ళకి చక్రాలున్నాయి’ అనేవాళ్ళు. ఫోన్లో మాట్లాడుతూ హాలు చుట్టూ ప్రదక్షిణాలు చేసేదాన్ని. అలాంటిదాన్ని తీసుకొచ్చి మంచానికి అంటగట్టారు. కిటికీలోంచి పోర్టు క్రేన్లు, వాటి వెనక తెల్లటి పొగలాంటి ఉక్క, ఆ ఉక్కలో ఎక్కడో సముద్రం. రోజంతా అదే సినిమా.

నన్ను చూసుకోవడానికి మా అత్తగారు విజిట్ వీసా మీద గుంటూరు నుంచి దిగింది. దిగీ దిగగానే పచ్చడి జాడీలు సర్దుకుని, నా వంటగది స్వాధీనం చేసుకుంది. మంచిదే. మనిషి మంచిది, నోరు గట్టిది. ఆవిడ ముందు మా ఆయన్ని నేను ‘ఏవండీ’ అంటాను. మేమిద్దరమే ఉన్నప్పుడు ‘నువ్వు’. ఈ సంగతి ఆవిడకి తెలుసు, తెలియనట్టు ఉంటుంది.

ఆ మధ్యాహ్నం ముందుగా కదిలింది మంచం కాదు, బీరువా మీద పెట్టిన సూట్‌కేసు. టకటకమంది. పోర్టుకి పోయే పెద్ద లారీ ఏదో వీధిలోంచి పోతోందనుకున్నాను. కానీ లారీ అయితే పోతుంది కదా, ఇది పోవడం లేదు. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. వంటింట్లో స్టీలు గిన్నెలు మోగాయి. మంచం నన్ను ఒక పక్కకి తోసి, మళ్ళీ ఇంకో పక్కకి తోసింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఆడవాళ్ళ కేకలు. "జిల్జాల్! జిల్జాల్!" నాకొచ్చిన అరబిక్ అంతంత మాత్రం. ఆ మాటకి మాత్రం ఎవరూ అర్థం చెప్పక్కర్లేకపోయింది.

లేవబోయాను. అంతలో మా అత్తగారు వంటింట్లోంచి పరుగున వచ్చింది. చేతిలో సొరకాయ కోస్తున్న కత్తి. దాన్ని గుమ్మం దగ్గరే వదిలేసి, వచ్చి నా రెండు భుజాలు పట్టుకుని మంచానికేసి నొక్కేసింది.

"కదలమాకు! తిన్నగా పడుకో. కాళ్ళు ముడవమాకు. గోక్కోమాకు."

"అత్తయ్యా, భూకంపం! ఇల్లు ఊగుతోంది!"

"తెలుస్తానే ఉంది, నాకేం కళ్ళు లేవా? కడుపుతో ఉన్నదానివి, ఇట్టాంటప్పుడు కదలకూడదు. గ్రహణానికి మీ అమ్మ నీకేం చెప్పలా?"

గ్రహణమట! నాలుగో అంతస్తు అటూ ఇటూ ఊగిపోతుంటే ఈవిడ గ్రహణం అంటోంది. గ్రహణం పట్టిన దగ్గర్నుంచి విడిచేదాకా కడుపుతో ఉన్నవాళ్ళు వెల్లకిలా పడుకుని కదలకూడదని, కత్తి ముట్టుకోకూడదని, గోక్కుంటే బిడ్డకి మొర్రి వస్తుందని మన ఇళ్ళల్లో అనుకోవడం నేనూ ఎరుగుదును. ఆ పద్ధతిని తెచ్చి భూకంపానికి పెట్టిన మనిషిని మాత్రం ప్రపంచంలో ఈవిడనొక్కదాన్నే చూశాను.

ఆవిడ నా పొట్ట మీద రెండు చేతులూ పెట్టి, కళ్ళు మూసుకుని, ఏదో గొణుగుతూ కూర్చుంది. కాసేపటికి అంతా ఆగింది. కింద వీధిలో జనం గోల. ఇంట్లో మేమిద్దరమే. బిల్డింగంతా దిగిపోయినట్టుంది.

"విడిచినట్టే ఉంది" అని లేచి, ఆవిడ తలస్నానానికి పోయింది.

మా ఆయన రిఫైనరీ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. నన్ను చూసి, పొట్ట మీద చెయ్యి వేసి, కాసేపు ఊపిరి పీల్చుకుని, "అమ్మా, ఆకలేస్తోంది, అన్నం పెట్టు" అన్నాడు.

"అన్నమేది? పారబోశా."

"పారబోశావా? ఎందుకు?"

"పట్టక ముందు వండింది ఎవరన్నా తింటారంట్రా? పప్పు, కూర, అంతా అవతల పోశా. కాసేపు ఆగు, మళ్ళా పెడతా."

ఆయన తల పట్టుకున్నాడు. మా ఆయన సేఫ్టీ ఇంజనీరు. ఏదైనా విడమరిచి చెబితే ఎదుటివాళ్ళు అర్థం చేసుకుంటారని ఆయనకి గట్టి నమ్మకం. వాళ్ళమ్మని కూర్చోబెట్టి మొదలుపెట్టాడు.

"ఇది గ్రహణం కాదమ్మా. ఎర్ర సముద్రం అడుగున భూమి చీలి ఉంది. అవతల ఆఫ్రికా, ఇవతల అరేబియా. రెండూ ఏటేటా కొంచెం కొంచెం ఎడంగా జరుగుతుంటాయి. మనం అంచు మీద ఉన్నాం. అందుకే ఈ తీరంలో అప్పుడప్పుడూ ఇలా వస్తుంది."

"గ్రహణానికి పైన, దీనికి కింద. మనకి ఉన్నయ్యే ఆ రెండు గదరా. ఇంతకీ అయిపోయినట్టేనా, మళ్ళా వస్తదా?"

"రావచ్చు. ఆఫ్టర్‌షాక్స్ అని చిన్నవి వస్తుంటాయి. రోజుల తరబడి రావచ్చు, వారాలు రావచ్చు. ఎప్పుడాగుతాయో ఎవరూ చెప్పలేరు."

ఆ ఒక్క మాట ఆయన మింగేసి ఉంటే నా బతుకు వేరేగా ఉండేది.

"అంటే ఇంకా విడవలేదన్నమాట!" అంది మా అత్తగారు. మొహం గంభీరంగా మారిపోయింది. "ఆ ఫోన్లో చూసి విడుపెప్పుడో చెప్పు నాయనా. పంచాంగంలో అయితే పట్టు, మధ్య, విడుపు అన్నీ రాస్తారు. ఇంత చదివి మీరు ఆ మాత్రం చెప్పలేరా?"

చెప్పలేకపోయాడు. ఆయనే కాదు, ఎవరూ చెప్పలేరు కదా. దాంతో మా ఇంట్లో విడుపు లేని గ్రహణం మొదలైంది.

నా మంచం పక్కనున్న కత్తెర, గోళ్ళు తీసుకునేది, సూదులు అన్నీ మాయమయ్యాయి. పచ్చడి జాడీల మీద వెయ్యడానికి దర్భ లేదు. జిజాన్‌లో దర్భ ఎక్కడ దొరుకుతుంది? కంపెనీ క్వార్టర్లలో నల్లాలు, తలుపులు బాగుచేసే జగిత్యాల మనిషి ఒకాయన ఉండేవాడు. నలభై దాటినవాడు, నన్ను ‘చెల్లె’ అనేవాడు. మా అత్తగారు ఆయనకి పని పురమాయించింది. ఆయన బిల్డింగ్ వెనకాల ఏసీ నీళ్ళు కారేచోట మొలిచిన గరిక కోసి, కవర్లో పెట్టి తెచ్చాడు.

"అమ్మా, గిది గడ్డే గని నువ్వన్న గడ్డి అవునో కాదో నాకెర్క లేదు."

"ఏదో ఒకటిలే అబ్బాయ్, పచ్చగా ఉంది చాలు" అని ఆవిడ ఆ గడ్డిపోచలు ఆవకాయ జాడీ మీద, పెరుగు మీద, చివరికి నా దిండు కింద కూడా పెట్టింది. నన్ను మాత్రం పస్తు ఉంచలేదు. వట్టి మనిషైతే ఉపవాసం, కడుపుతో ఉన్న మనిషికి మినహాయింపు అని ఆవిడే శాస్త్రం చెప్పి, ఆవిడే దాన్ని సవరించి, నాకు పూటపూటకీ వేడిగా వండి పెట్టేది. పాపం, చిన్న కుదుపు వచ్చినా మళ్ళీ తలస్నానం చేసి మళ్ళీ వండేది.

ఇది ఒక పక్క. రెండో పక్క మా ఆయన. ఆయనకీ ఒక శాస్త్రం ఉంది, దాన్ని ప్రొసీజర్ అంటారు. నేల ఊగుతున్నంతసేపూ గట్టి బల్ల కింద ఉండాలి. ఆగగానే మెట్ల దారిన దిగాలి, లిఫ్ట్ ఎక్కకూడదు. దిగి ఎదురుగా పార్కింగ్‌లో అందరూ గుమిగూడాల్సిన అసెంబ్లీ పాయింట్‌కి చేరాలి. "మెట్లు వద్దన్నారు కదా" అంటే, "ఎత్తుకుని దింపుతాను, దానికీ ప్లాన్ ఉంది" అన్నాడు. కింది అంతస్తు ఇల్లు ఇమ్మని కంపెనీలో అడిగాడు. ఒక కుటుంబం ఎగ్జిట్ మీద దేశం విడిచి వెళ్ళబోతోందని, వాళ్ళు ఖాళీ చెయ్యగానే ఇస్తామని అన్నారట. అందాకా ఏం చెయ్యాలి? ఆయన, జగిత్యాల అన్న కలిసి డైనింగ్ టేబుల్‌ని పడగ్గదిలోకి మోసుకొచ్చి, కాళ్ళకి అడ్డంగా చెక్కలు బిగించి, దాని కింద పరుపు పరిచారు.

"ఇగ పైకెళ్లి ఏది పడ్డా ఆపుతది చెల్లె. మస్తు మజ్బూత్ చేసిన" అని జగిత్యాల అన్న దాని మీద పిడికిలితో రెండు గుద్దులు గుద్ది చూపించాడు.

"బల్ల కింద పడుకోడానికి ఇదేమన్నా కుక్కపిల్లా?" అని మా అత్తగారు లేచింది.

"అమ్మా, సీలింగ్ పడితే?"

"పడదు. కడుపుతో ఉన్నది చెక్క కింద పడుకోకూడదు."

"ఎవరు చెప్పారు?"

"నేను చెబుతున్నా!"

నన్నడిగినవాళ్ళు లేరు. ఇద్దరూ నా మీదుగా, అక్షరాలా నా మీదుగా, అరుచుకునేవాళ్ళు. చివరికి రాజీ కుదిరింది. పరుపు బల్ల కింద, తల మాత్రం బల్ల బయటికి. ఇక చూడండి నా వైభోగం! పైకి చూస్తే సగం చెక్క, సగం ఫ్యాను. పక్కకి తిరిగితే మా అత్తగారి మోకాళ్ళు. ఒక్కోసారి గట్టిగా అరవాలనిపించేది. లేచి మెట్లన్నీ పరుగున దిగి, సముద్రం గట్టు మీద కాళ్ళు నొప్పి పుట్టేదాకా నడవాలనిపించేది. అరికాళ్ళు దురద పెట్టేవి. గోక్కోకూడదు.

ఆ వారాల్లో నేల ఊరుకోలేదు. ఎప్పుడో ఒకసారి, ఏ మాత్రం సూచన లేకుండా, చిన్నగా వణికి ఊరుకునేది. అది వచ్చిన క్షణం కంటే రాని క్షణాలే నన్ను ఎక్కువ తినేశాయి. ఫ్రిజ్ మోటారు ఆన్ అయితే గుండె జారేది. పై ఇంటివాళ్ళు కుర్చీ లాగితే అంతే. దానికి తోడు లోపల బిడ్డ తన్నడం బాగా తెలుస్తున్న రోజులు. ఒక్కోసారి ఉలిక్కిపడి లేచి, కదిలింది భూమా, నా బిడ్డా అని తేల్చుకోలేక బిక్కచచ్చి చూసేదాన్ని. అందుకని తల దగ్గర గాజు గ్లాసులో నీళ్ళు పెట్టించుకున్నాను. నీళ్ళు కదిలితే భూమి. నీళ్ళు కదలకుండా పొట్ట కదిలితే బిడ్డ. అప్పుడే కొంచెం ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఒకరోజు నాకు సహనం చచ్చిపోయింది. మా అత్తగారు కుదుపు రాగానే అలవాటుగా నా మోకాళ్ళు పట్టి సాగదియ్యబోతే, చెయ్యి విదిలించి కొట్టాను.

"మీ గ్రహణానికో దణ్ణం అత్తయ్యా! ఇక నా వల్ల కాదు. కూర్చుంటాను, గోక్కుంటాను, నా ఇష్టం!"

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. బల్ల కాలికి ఆనుకుని నేల మీద కూర్చుంది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"మీ ఆయనకంటే ముందు నాకో ఆడపిల్ల. తొమ్మిదో నెల. సూర్యగ్రహణం నాడు ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. గొడ్లు అరుస్తా ఉన్నయ్యి. బిందె తీసుకుని చేతిపంపు కాడికి పోయా. తర్వాత వారానికి నొప్పులొచ్చినయ్యి. పిల్ల పుట్టింది గానీ ఏడవలా. మా అత్త, మా ఆడబిడ్డ, వీధి వీధంతా ఒకటే మాట. గ్రహణంలో తిరిగింది, చంపుకుంది అని. నిజమో అబద్ధమో నాకేం తెలుసు? డాక్టరు ఎవరున్నారు చెప్పడానికి? నీ దగ్గరకొచ్చేసరికి నాకు మళ్ళా ఆ మాట పడబుద్ధి కాలా. అంతే."

మా ఆయనకి అక్క ఉండేదని పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. ఆయనకి కూడా తెలియదని తర్వాత తెలిసింది. ఆ పూట నేనే కాళ్ళు చాపి వెల్లకిలా పడుకున్నాను. నమ్మి కాదు. ఆవిడ కోసం. కాదు, అది కూడా పూర్తి నిజం కాదు. రెండు పోగొట్టుకున్న మనిషికి దేన్నయినా నమ్మకుండా ఉండే ధైర్యం ఎక్కడుంటుంది?

ఆ తర్వాతి శుక్రవారం తెల్లవారి లేచినప్పుడు పొట్ట నిశ్శబ్దంగా ఉంది.

రోజూ కాఫీ తాగగానే ఒక తన్ను తన్నేది. తన్నలేదు. పడుకుందేమో అనుకున్నాను. టిఫినయింది. ఎడమ పక్కకి తిరిగాను, కుడి పక్కకి తిరిగాను. గ్లాసులో నీళ్ళు చూశాను, అవీ కదలడం లేదు. ఎవరికీ చెప్పలేదు. నోరు తెరిచి చెబితే అదే నిజమైపోతుందని భయం. మా ఆయన శుక్రవారం సెలవని ఇంట్లోనే ఉన్నాడు. నా పక్కన బల్ల దగ్గరే కూర్చుని లాప్‌టాప్‌లో ఏదో చూసుకుంటున్నాడు. మా అత్తగారు వంటింట్లో పప్పు తాలింపు వేస్తోంది. జగిత్యాల అన్న కొత్త గరిక తీసుకుని భోజనానికి వచ్చాడు. శుక్రవారం ఆయనకి మా ఇంట్లోనే భోజనం. అందరూ మామూలుగా మాట్లాడుకుంటున్నారు. నేను పొట్టని వేళ్ళతో మెల్లగా పొడుస్తున్నాను. లే నాన్నా. లే తల్లీ. ఒక్కసారి.

నమాజు వేళ దగ్గర పడుతుండగా వచ్చింది. ఈసారి చిన్నది కాదు. ముందు ధడేల్‌మని ఒక దెబ్బ, ఆ వెంటనే ఊపు. గ్లాసు బోర్లా పడి నీళ్ళు నా మెడ కిందికి పారాయి. ఎక్కడో గచ్చు పెళ్ళ ఊడిపడింది. మా ఆయన ఒక్క ఉదుటున బల్ల కిందికి దూరి, నా తల లోపలికి లాగాడు. వంటింట్లోంచి మా అత్తగారు గరిటె చేత్తో పట్టుకునే వచ్చేసింది.

"లాగమాకురా దాన్ని! తిన్నగా ఉండనీ!"

"అమ్మా, నువ్వు కూడా లోపలికి రా! ఆగగానే దిగిపోవాలి, రెడీగా ఉండండి!"

"దిగేది లేదు, ఎక్కేది లేదు. కదలమాకే నువ్వు!"

"నీకు చెబితే అర్థం కాదా? బిల్డింగ్‌కి పగుళ్ళొస్తే—"

"నోర్మూసుకో నువ్వు!" అని అరిచాను. వాళ్ళమ్మ ఎదురుగా, ‘నువ్వు’ అని. "ఇద్దరూ నోర్మూసుకోండి! కదలట్లేదు. పొద్దుట్నుంచీ కదలట్లేదు!"

"ఏంది కదలంది? ఊగిపోతా ఉంటేనూ" అంది మా అత్తగారు.

"లోపల అత్తయ్యా. లోపల."

ఇల్లు ఊగుతూనే ఉంది. వాళ్ళిద్దరూ మాత్రం ఆగిపోయారు. ఆవిడ గరిటె పక్కన పడేసి, మోకాళ్ళ మీద బల్ల కిందికి వచ్చి, నా పొట్ట మీద చెయ్యి పెట్టింది. నొక్కింది. పక్కల నుంచి కుదిపింది. చెవి ఆనించి విన్నది. ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. అంత దగ్గరగా అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

"లే" అంది. "లెయ్యవే. ఆస్పత్రికి పోదాం పద."

"అమ్మా, ఇంకా ఆగలేదు. కదిలించొద్దు, మెట్లు వద్దన్నారు, కుట్టు ఉంది..." ఇన్నాళ్ళూ మెట్లు, మెట్లు అన్న మనిషి నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదలడం లేదు.

"అయితే ఎత్తుకోరా! చూస్తా కూర్చున్నావేంది?"

జగిత్యాల అన్న అప్పటికే ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి పెట్టాడు. "సార్, నువ్వు ముంగటికెళ్లి పట్టు, నేను ఎన్కకెళ్లి పడుత. చెల్లె, కండ్లు మూసుకో" అన్నాడు. నేను మూసుకోలేదు. మెట్ల నిండా జనం. నమాజుకి తయారై తెల్లబట్టలు వేసుకున్న మగవాళ్ళు, అత్తరు వాసన, ఏడుస్తున్న పిల్లలు. పంజరంలో చిలకని పట్టుకుని దిగుతున్న ఈజిప్టు పెద్దాయన నన్ను చూసి "హామిల్! హామిల్!" అని కేక పెట్టాడు. కడుపుతో ఉన్న మనిషి, జరగండి అని కాబోలు. అంత గందరగోళంలోనూ అందరూ గోడకి అతుక్కుని నాకు దారి ఇచ్చారు. ప్రతి మలుపు దగ్గరా కుర్చీ ఒరిగేది. ప్రతిసారీ మా అత్తగారు వెనక నుంచి "జాగ్రత్త, జాగ్రత్త" అంటూ వట్టికాళ్ళతో దిగుతోంది. ఎవరిని అంటోందో, నన్నో, లోపలున్నదాన్నో.

కిందికి వచ్చాం. మా ఆయన ఇన్నాళ్ళూ జపించిన అసెంబ్లీ పాయింట్ పక్కనుంచే పోయి, దానివైపు కనీసం చూడకుండా కారు తీశాడు.

దారిలో నేను పొట్ట మీంచి చెయ్యి తియ్యలేదు. మా అత్తగారు వెనక సీట్లో నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జనమంతా రోడ్ల మీదే ఉన్నారు. సిగ్నల్ దగ్గర మల్లెదండలు అమ్మే ముసలాయన మాత్రం ఎప్పట్లాగే బుట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. అంత నెమ్మదిగా ఎలా కూర్చోగలుగుతున్నాడని.

ఆస్పత్రి కూడా బయటికే వచ్చేసింది. రోగుల్ని చక్రాల కుర్చీల్లో, మంచాలతో సహా కార్లు పెట్టుకునే షెడ్డు కిందికి తెచ్చారు. ఎండ మండిపోతోంది. మా ఆయన ఎవరెవరినో పట్టుకుని బతిమాలుతున్నాడు. చివరికి ఒక మలయాళీ నర్సు వచ్చింది. కారు తలుపు తీసి, నా పక్కన ఇరుక్కుని కూర్చుని, బిడ్డ గుండె చప్పుడు వినిపించే, చేతిలో ఇమిడే చిన్న మిషన్‌కి జిగురు రాసి పొట్ట మీద పెట్టింది.

"చుప్ దీదీ. హిలో మత్." ఈవిడా కదలొద్దనే.

గరగర. వట్టి గరగర. ఇంకోచోట పెట్టింది. ఢబ్, ఢబ్ అని నెమ్మదిగా వినిపించింది. నా ప్రాణం లేచొచ్చింది. నర్సు తల అడ్డంగా ఊపింది. అది నా గుండేనట. మళ్ళీ గరగర. మా అత్తగారు సీటు అంచు పట్టుకుని బిగుసుకుపోయింది. మా ఆయన కారు బయట అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కనిపిస్తున్నాయి, మొహం కనిపించడం లేదు. దేవుడా, నేను కదిలాను, గోక్కున్నాను, అరిచాను, ఇవన్నీ నా తప్పులే రాసుకో, నన్నేమైనా చెయ్యి అనుకున్నాను. నేను చదువుకున్నదాన్నే. అయినా అలాగే అనుకున్నాను.

నర్సు మిషన్‌ని బాగా కిందికి, కుడివైపు మూలకి జరిపింది. అప్పుడు వినిపించింది. వేగంగా, కుట్టుమిషన్ తొక్కినట్టు.

"హై" అంది నర్సు. ఉందట. నవ్వింది. "సబ్ ఠీక్ హై దీదీ. బేబీ సో రహా హై."

నిద్రపోతోందట! ఊరు ఊరంతా రోడ్డున పడితే, మా ప్రాణాలు పైకే పోతే, అది ఒక మూలకి ముడుచుకుని నిద్రపోతోందట. నర్సు తెప్పించిన చల్లటి మామిడిపండు రసం రెండు గుక్కలు తాగేసరికి పొట్ట ఎడమ పక్క నుంచి కుడి పక్కకి ఒక్క దొర్లు దొర్లింది. మా అత్తగారు కళ్ళారా చూసింది.

"ఇల్లు కూలినా లెయ్యలా, తాగడానికి ఇస్తే లేచింది. అచ్చం వాళ్ళ నాన్నే" అని, నవ్వబోయి, నా కాళ్ళ మీద తల పెట్టుకుని భోరుమంది. నేనూ అంతే. మా ఆయన కారు టాపు మీద చెయ్యి వేసి కొడుతూ ఉన్నాడు, ఎందుకు కొడుతున్నాడో ఆయనకే తెలియదు.

నన్ను మళ్ళీ నాలుగో అంతస్తుకి పంపలేదు. డాక్టరమ్మ కింది అంతస్తు వార్డులోనే ఉంచేసింది. నేల ఆ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు కదిలింది, క్రమంగా ఊరుకుంది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడ్చింది. బట్టలో చుట్టి చేతికిస్తే మా అత్తగారు ముందుగా చూసింది పెదవి. వేలితో చిన్నగా పై పెదవి తడిమి, బాగుందని తెలిశాక, అప్పుడు మొహం చూసింది. చాలాసేపు చూసింది. ఎవరిని చూస్తోందో నాకు తెలుసు.

ఇప్పుడు మేము కింది ఇంట్లో ఉంటున్నాం. పిల్లకి రెండేళ్ళు. ఎప్పుడైనా నేల కదిలితే దాన్ని చంకన వేసుకుని బయటికి పోతాం, ఆగాక లోపలికి వస్తాం. దానికి నేను అంత భయపడను.

నా భయమంతా మధ్యాహ్నం పూట. అన్నం తినిపించాక అది పడుకుంటుంది. కాసేపు బాగానే ఉంటాను. బట్టలు మడత పెడతాను, గిన్నెలు సర్దుతాను. తర్వాత ఉండలేను. వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఊపిరి ఆడుతోందని కళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది, అయినా నా మనసు నమ్మదు. చివరికి అరికాలు గీరుతాను. కాలు లాక్కుంటుంది, మళ్ళీ గీరుతాను. లేచి కూర్చుని, ఇల్లెగిరిపోయేలా రాగం తీస్తుంది. పడుకున్న బిడ్డని లేపుతావేమిటి, నీకేమైనా పిచ్చా అని మా ఆయన ఇంట్లో ఉన్నప్పుడల్లా తిడతాడు. తిట్టనీ. దాని ఏడుపు చెవిన పడ్డాకే నేను కంచం పెట్టుకుంటాను.